హాల్లో తెల్లపెట్టె

ఇంజనీర్ గడ్డం సగమే పూర్తయింది.

సెలూన్ అద్దంలో రోజూ కనిపించే మంగలి బదులు కొత్త ముఖం కనిపించింది. "నురగ సరిపోయిందా సార్?" అన్నాడు ఆ కొత్తవాడు. జవాబు వినకుండానే కత్తిని గొంతు మీదుగా అడ్డంగా లాగాడు. తెల్లటి నురగ ఎర్రగా మారి ఒళ్ళో పడింది. సమయం ఉదయం ఎనిమిదీ పది.

ఎనిమిదీ నలభైకి, ఆ ఇంజనీర్ ముందురోజే పంపిన పెన్‌డ్రైవ్‌ని గూఢచారి సంస్థ చీఫ్, తన ఏజెంట్ కట్టర్ ముందు పెట్టాడు.

"ఇరవై లక్షల ఇళ్ళు. విదేశీ కంపెనీ ఉచితంగా పంచిన ఇంటర్నెట్ పెట్టెలు. పదకొండింటికి వాటికి అప్‌డేట్ వెళ్తుంది. ఆ తర్వాత ఏ ఇంట్లో కంప్యూటరైనా కంపెనీ ఊ అంటేనే తెరుచుకుంటుంది. ఆస్పత్రి డాక్టర్లవీ, నీళ్ళ పంపు ఆపరేటర్లవీ, మనవీ."

"ఆపడం ఎలా సార్?"

"వాళ్ళ ఇంజనీరే అప్‌డేట్‌ని ఆపే ప్రోగ్రాం ఇందులో పెట్టి పంపాడు, అందుకే ప్రాణం పోయింది. పదకొండు లోపు దీన్ని వాళ్ళ మెయిన్ సర్వర్‌కి పెట్టు. లోపల మన మనిషి వెల్వెట్ ఉంది, తలుపు తీస్తుంది. ఆమె 'లైన్ తడిసిందా?' అంటే, నువ్వు 'ఎలుక కొరికింది' అనాలి. అవునూ, మీ ఇంట్లో కూడా ఆ పెట్టె ఉందటగా?"

కట్టర్ తల గోక్కున్నాడు. "హాల్లో ఉంది సార్."

పెళ్ళయిన తొమ్మిదో రోజున ఆ పెట్టె మీద పచ్చలైటు వెలిగితే అతనూ భార్యా చప్పట్లు కొట్టారు. వైఫైకి పేరు పెట్టడానికి గంటసేపు దిండ్లతో కొట్టుకున్నారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండింది. మా ఇంట్లో కూర్చుని, మా కరెంటు తాగి, ఎవడి మాటో వింటోంది! కాలేజీ రోజుల్లో పాత సామాన్లు ఏరి తను కట్టుకున్న కంప్యూటర్లో ప్రతి స్క్రూ అతనికి తెలుసు. ఈ పెట్టెకి అసలు స్క్రూలే లేవు.

ఈ ఉదయం కూడా వంటింట్లో భార్య అతని చెవి మెలిపెట్టింది. "ఒరేయ్ మొద్దూ! బెడ్‌రూమ్‌లో సిగ్నల్ చచ్చిపోతోంది. పెట్టె అటు జరపమని మూడు వారాల్నుంచి మొత్తుకుంటున్నా."

"రేపు జరుపుతాలే."

"నీ రేపు తగలెయ్యా!"

హాల్లోకి రాగానే, టీవీ ముందున్న కట్టర్ తల్లి ఎదుట అదే నోట్లోంచి తేనె కారింది. "ఏవండీ, గొడుగు మర్చిపోకండి." కట్టర్ నవ్వు ఆపుకోలేక గొడుగు నిజంగానే మర్చిపోయాడు.

పదీ యాభై అయిదుకి అతను కంపెనీ వెనక గేటు దగ్గర ఇంట్లో తన ఉద్యోగమని నమ్మించిన లైన్‌మన్ వేషంలో ఉన్నాడు. భుజాన కేబుల్ చుట్ట, నడుముకి కేబుల్ కొసలు బిగించే క్రింపింగ్ టూల్. దాని పిడిలో నాలుగంగుళాల బ్లేడు.

తలుపు తెరుచుకుంది. ఊదారంగు గౌను, వజ్రాల దుద్దులు, చల్లటి నవ్వు. "లైన్ తడిసిందా?"

"ఎలుక కొరికింది."

"పాపం ఎలుక," అంది వెల్వెట్, పక్కకి తప్పుకుంటూ.

ఆమె వెనక ఇద్దరు గార్డులు! మొదటివాడి ఇనుపరాడ్ కట్టర్ పక్కటెముకల మీద పడింది. కట్టర్ కేబుల్ చుట్ట వాడి మెడకి వేసి గుంజాడు. వాడి తల గోడకి కొట్టుకుని పుచ్చకాయలా చప్పుడు చేసింది. రెండోవాడు కాల్చిన గుండు భుజాన్ని చీల్చుకుంటూ పోయింది. బ్లేడు వాడి గొంతులో పిడిదాకా దిగింది. కట్టర్ దాన్ని పెరికి, సర్వర్ రూమ్‌లోకి దూరి, పెద్ద ర్యాక్ వెనక నక్కాడు. గోడ గడియారం పదీ యాభై ఎనిమిది చూపిస్తోంది.

వెల్వెట్ పిస్టల్‌తో గుమ్మంలో నిలబడింది. కాలిస్తే గుండు సర్వర్‌కే తగులుతుంది. అందుకే కాల్చలేదు. పెన్‌డ్రైవ్ పెట్టాల్సిన చోటు మాత్రం ర్యాక్‌కి ఆమె వైపే ఉంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"ఏవండీ!" భార్య గొంతు. అదే వణుకు, అదే ముక్కుచీదుడు. "నన్ను కట్టేశారండీ! మెడ మీద కత్తి పెట్టారు. మీ చేతిలో ఉన్నది విరిచేయండి. మీకు దండం పెడతానండీ!"

 పెన్‌డ్రైవ్ చుట్టూ కట్టర్ వేళ్ళు బిగుసుకున్నాయి. ఇంకొంచెం నొక్కితే రెండు ముక్కలు.

యాభై సెకన్లు.

"ఏవండీ, మీకు నేను కావాలా వద్దా అండీ?"

కట్టర్ వేళ్ళు సడలాయి. నొప్పితో మెలికలు తిరుగుతూనే పగలబడి నవ్వాడు.

"ఏం, పిచ్చెక్కిందా?" అంది వెల్వెట్.

"మా ఆవిడ మెడ మీద కత్తి పెడితే 'ఒరేయ్ సచ్చినోడా, ఎక్కడ చచ్చావ్?' అంటుంది. 'అండీ' అనేది మా అమ్మ ముందు మాత్రమే. మీ పెట్టె విన్నది హాల్లో మాటలే! ఈ గొంతు ఆ మాటల్ని బట్టి కంప్యూటర్‌తో తయారుచేసిందే."

వెల్వెట్ బూతు తిట్టి ర్యాక్ చుట్టూ దూకింది. కట్టర్ ర్యాక్ ఇనుపతలుపు ఆమె చేతి మీద బలంగా మూశాడు. ఎముక పటుక్కుమంది. పిస్టల్ కిందపడింది. రెండో చేత్తో ఆమె జడలోంచి సన్నటి పిన్ను లాగి అతని తొడలో దింపింది. ఇద్దరూ రక్తంలో జారిపడ్డారు. ఆమె పిస్టల్ అందుకుంది. అతను ఆమె మణికట్టు తిప్పేశాడు. పిస్టల్ పేలింది. ఊదారంగు గౌను మీద నల్లటి మరక పాకింది.

"మూడు సెకన్లు..." అంది ఆమె, పెదాల మీద చివరి నవ్వుతో.

"రెండు చాలు."

పెన్‌డ్రైవ్ టక్కున కూర్చుంది. గడియారం పదకొండు కొట్టింది. ఇరవై లక్షల ఇళ్ళలో ఏమీ జరగలేదు.

మధ్యాహ్నం కట్లతో ఇల్లు చేరాడు. హాల్లో తల్లి టీవీ చూస్తోంది. ఎదురొచ్చిన భార్య, "ఏవండీ, వచ్చారా?" అంది.

కట్టర్ చేయి చటుక్కున క్రింపింగ్ టూల్ మీదికి పోయింది.

భార్య అతన్ని బెడ్‌రూమ్‌లోకి ఈడ్చి తలుపేసింది. "ఏంట్రా మొద్దూ, ఆ చూపు? ఆ కట్లేంటి?" కళ్ళనిండా నీళ్ళు. ఆ 'మొద్దూ' వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"స్తంభం మీంచి పడ్డా. ఇంక ఆ పెట్టె జరపక్కర్లేదు. ఇప్పుడే పీకి బయట పారేస్తా."

భార్య కన్నీళ్ళు తుడుచుకుంది. "సరే. మరి మనకి నెట్టు?"

దేశాన్ని కాపాడిన గూఢచారి, కాలేజీనాటి పాత సామాన్లు వెతకడానికి మంచం కిందికి దూరాడు.