కరక్కాయ కలవని పడవ

గవ్వలకోటలో ఒకనాటి ఉదయం పడవలన్నీ మునిగిపోయాయి. గాలి లేదు, వాన లేదు, ఏ పడవకీ చిల్లు లేదు. రాళ్లు మునిగినట్టు మునిగాయి. రేవులో తెడ్డు వేస్తే తెడ్డు మునిగింది. ఎండుపుల్ల వేస్తే అదీ మునిగింది.

తప్పు రాజుది. కీర్తిసేన మహారాజు షికారు ఓడ కట్టించుకోవడానికి మడుగు ఒడ్డున ఉన్న మడ అడవిని నరికించాడు. ఆ అడవిని కాచే యక్షిణి పేరు మడతల్లి. ఆమె నీళ్లలోంచి నడుము దాకా లేచి, "చెట్టుకు పుట్టిందేదీ ఇకమీద నా మడుగులో తేలదు!" అని శపించింది. అప్పుడు నీళ్ల మీద ఉన్నవాళ్లంతా పడవలతో పాటు అడుగుకు చేరి నిద్రపోయారు. ఒడ్డున నిలబడి తొంగిచూస్తే, పచ్చని నీళ్ల కింద వాళ్ల ముఖాలు కనిపించేవి.

రాజు కాళ్లావేళ్లా పడితే మడతల్లి ఒక్క మాట ఇచ్చింది. "చెట్టుకు పుట్టని పడవలో ఎవరైనా నడిమడుగుకు వచ్చి అడిగితే వదిలేస్తాను. వచ్చే పున్నమి దాటితే మాత్రం ఈ నిద్రకు మెలకువ లేదు."

"వాళ్లను విడిపించినవారికి నా కిరీటం ఇస్తాను!" అని రాజు చాటింపు వేయించాడు.

ఒక కంచరి ఇత్తడి గంగాళంలో కూర్చుని బయల్దేరాడు. అది గిరగిరా తిరిగి బోర్లాపడితే ఈదుకుంటూ ఇల్లు చేరాడు. కుమ్మరులు కుండలతో తెప్ప కట్టారు. కుండలు తేలేవే గానీ, కట్టిన తాళ్లు కొబ్బరిపీచువి. తాళ్లు తమతో పాటు కుండల్నీ కిందికి లాక్కుపోయాయి.

ఆ నీళ్ల కింద నిద్రపోతున్నవాళ్లలో అంకాలు వాళ్లమ్మ కూడా ఉంది. గుల్లలు కాల్చి సున్నం చేసి, కోటగోడలకు గచ్చు పూసే కుటుంబం వాళ్లది. తండ్రి లేడు. అన్న సూరన్న, చెల్లెలు అంకాలు. అమ్మ గుల్లలు ఏరుకుని తిరిగొస్తుండగా పడవ మునిగింది. అడుగున ఆమె గుల్లల బుట్టను ఒడిలో పెట్టుకునే పడుకుంది.

"అన్నా, గచ్చుతో పడవ చేద్దామా?" అంది అంకాలు.

"గచ్చు తేలుతుందటే పిచ్చిదానా?"

"గంగాళం తేల్లేదూ? లోపల బోలుగా ఉంటే ఏదైనా తేలుతుంది."

సూరన్న చెల్లెలి నెత్తి మీద మొట్టి, తాపీ సంచిలో వేసుకున్నాడు. ఇద్దరూ గుల్లల కొండ మీద ఉండే శంఖుముని దగ్గరికి బయల్దేరారు.

ఆ ముని ఇల్లంత శంఖంలో కాపురముంటాడు. విన్నదంతా విని, శంఖంలోంచి గడ్డం మాత్రం బయటపెట్టాడు. "గుల్లసున్నం, ఇటుకపొడి, రాగితీగ. వీటిని కలిపి పట్టేది గండభేరుండం గుడ్డు సొన. అరచేతిలో పట్టేంత చిన్న పడవ చేయండి. మడుగు నీళ్లు తగిలితే అదే పెరుగుతుంది. చిన్నదానిలో వెంట్రుకంత తప్పుంటే పెద్దదానిలో చేటంత తప్పవుతుంది, జాగ్రత్త!"

"కరక్కాయ నీళ్లు ఎన్ని కలపాలి స్వామీ?" అని సూరన్న అలవాటుగా అడిగాడు.

"కరక్కాయ ఎక్కడ కాస్తుందిరా?"

సూరన్న నాలిక కరుచుకున్నాడు. గచ్చులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపనిదే వాళ్ల ఇంట్లో తాపీ కదలదు మరి.

గండభేరుండం గూడు నిట్టనిలువు బండ మీద ఉంది. ఒక పక్షికి రెండు తలలు, రెండు తలలకూ ఒకటే తగువు.

"గుడ్డు జారిపోయింది నీ వల్లే!" అంటోంది ఎడమ తల.

"నిద్రలో దొర్లింది నువ్వే!" అంటోంది కుడి తల.

అంకాలు బండ పాకి పైకి వెళ్లి చూసింది. గూటి అడుగున పగులు ఉంది. గుడ్లు అందులోంచే జారుతున్నాయి. "పక్షమ్మలూ, తప్పు మీ ఇద్దరిదీ కాదు, ఇంటిది," అని ఆ పగులును గచ్చుతో పూడ్చింది. రెండు తలలూ సిగ్గుపడి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. పిల్ల పుట్టని మురిగుడ్డు ఒకటి ఆమె చేతిలో పెట్టాయి. అది గుమ్మడికాయంత ఉంది.

అన్నాచెల్లెళ్లు ఏటి ఒడ్డున పనికి కూర్చున్నారు. సూరన్న రాగితీగను జల్లెడలా అల్లి పడవ ఆకారానికి వంచాడు. అంకాలు సున్నం, ఇటుకపొడి, గుడ్డుసొన కలిపి వెన్నలా నూరింది. దాన్ని తీగ లోపలా బయటా గోరంత మందాన బొటనవేలితో అద్దింది. పడవ కుదిరాక నీళ్లు నింపిన రాగిబిందెలోకి దించారు. గచ్చును ఎండబెడితే చెడుతుంది. తడిలో ఉంటేనే రాయవుతుంది. "గచ్చుకు దాహం ఎక్కువ" అని అమ్మ ఎప్పుడూ అనేది.

కొన్నాళ్లకు నీళ్లలోంచి తీసి, లోపలి తడి ఒంపేసి మళ్లీ నీటి మీద పెట్టారు. అరచేతంత పడవ అటూ ఇటూ ఊగి, నిలబడి తేలింది.

సూరన్న ఎగిరి గంతేశాడు. చెల్లెల్ని భుజాన ఎత్తుకుని ఏటి ఒడ్డంతా తిప్పాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి అడిగాడు. "అవునే, కిరీటం ఒకటే కదా. రాజు ఎవరికిస్తాడంటావు?"

"నువ్వే పెట్టుకో. నా జడ మీద అది ఆగదు," అని అంకాలు నవ్వింది.

సూరన్న కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

తిరుగుదారిలో కొండకనుమను బోడాసురుడనే రాక్షసుడు మూసేసి కూర్చున్నాడు. వాడి తల నున్నటి బండలా ఉంది. "ఇద్దరిలో ఒకరు ఇక్కడే ఉండి నా తల గోకాలి!" అని గర్జించాడు. పడవ ఉన్న నీళ్లబిందె మోస్తున్న సూరన్నను చూసి, "ఒరే, ఈ పిల్ల నీకేమవుతుంది?" అని అడిగాడు.

సూరన్న అంకాలు వైపు చూడలేదు. "ఏమీ కాదు. కూలికి తెచ్చుకున్నాను," అన్నాడు.

అన్న ఏదో ఎత్తు వేస్తున్నాడనుకుంది అంకాలు. అందుకే నోరు మెదపలేదు. రాక్షసుడు ఆమెను గుహలోకి నెట్టి, సూరన్నకు దారి వదిలాడు. ఆమె గుహ గోడకు చెవి ఆనించి అన్న అడుగుల చప్పుడు వింది. ఇప్పుడు ఆగుతాడు. ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు. చప్పుడు నిజంగానే ఆగింది. ఆ వెంటనే భళ్లున నీళ్లు పారబోసిన శబ్దం వినిపించింది.

నడక తేలికవడానికి బిందెలో నీళ్లు ఒంపేశాడు. ఆ తర్వాత వినిపించినవి పరుగెత్తే అడుగులు.

అంకాలు ఏడవలేదు. ఏడుపు రావడానికి ముందు నమ్మకం కలగాలి కదా. తన అన్న అంత పని చేశాడని నమ్మడానికే ఆమెకు చాలాసేపు పట్టింది.

"గోకవేం?" అన్నాడు బోడాసురుడు.

"గోకుతాను గానీ, వాడు అబద్ధమాడాడు. వాడు నా తోడబుట్టినవాడు."

రాక్షసుడి ముఖం తెల్లబోయింది. "తోడబుట్టినవాడా? ఓరి దుర్మార్గుడా! తోడబుట్టినవాళ్లను విడదీస్తే నా తల పగులుతుందని శాపముందే! చెల్లెలని ఒక్క ముక్క అంటే ఇద్దర్నీ దణ్ణం పెట్టి పంపేవాణ్ణి కదా!"

అంకాలుకు ఆ మాట రాక్షసుడి గోళ్ల కన్నా లోతుగా దిగింది. ఒక్క ముక్క. అన్న ఆ ఒక్క ముక్క అనలేకపోయాడు.

అంతలో టప్పుమని బోడాసురుడి తల నెర్రె ఇచ్చింది. "అమ్మో! చచ్చానే తల్లీ!" అని వాడు పిల్లాడిలా కూలబడ్డాడు.

అంకాలు పారిపోవచ్చు. కానీ పగులు కళ్ల ముందు పెట్టుకుని ఊరుకునే చేతులు కావవి. తన భుజానే ఉండిపోయిన తాపీ సంచిలోంచి మిగిలిన రాగితీగను తీసి వాడి తల చుట్టూ అల్లి, మిగిలిన సున్నం, ఇటుకపొడి, గుడ్డుసొన కలిపి టోపీలా పూసేసింది. "దీన్ని ఆరనివ్వకు. నెత్తిన నీళ్లు పోసుకుంటూ ఉండు," అంది.

"బతికున్నంతకాలం పోసుకుంటానమ్మా!" అన్నాడు బోడాసురుడు. ఆమెను భుజాన ఎక్కించుకుని, కనిపించిన ప్రతి వాగులోనూ తల ముంచుకుంటూ గవ్వలకోటకు పరుగు తీశాడు. కోటగుమ్మం చేరేసరికి పగులు అతుక్కుంది. టోపీ మాత్రం రాయైంది.

ఆ రోజే పున్నమి. రేవు నిండా జనం. సూరన్న చిన్న పడవను నీళ్లలో వదులుతున్నాడు. నీళ్లు తగలగానే అది పెరిగింది. జనం హోరున జేజేలు కొట్టారు. సూరన్న గునపంతో తోసుకుంటూ నడిమడుగు వైపు సాగాడు.

ఒడ్డుకు చేరిన అంకాలు పడవ పక్కల్ని చూసింది. తెల్లటి గచ్చు మీద చెయ్యి వెడల్పున గోధుమరంగు చారలున్నాయి. ఆమెకు అంతా అర్థమైంది. దారిలో తడి లేక పడవ నెర్రెలిచ్చింది. అన్న ఇంటికి పోయి, తొట్టిలో ఉన్న గచ్చు తీసి ఆ నెర్రెలకు పూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి పూస్తున్న గచ్చే.

"కరక్కాయ!" అని గొంతు చించుకుంది. "అన్నా! అందులో కరక్కాయుంది! దూకెయ్!"

సూరన్న వెనక్కి చూశాడు. చెల్లెలు కిరీటం కోసం వచ్చిందనుకుని మరింత జోరుగా తోశాడు. నడిమడుగులో పడవ ఆగింది. గోధుమరంగు చారలు విడిపోయాయి. పడవ బుడుంగున మునిగింది.

"ఇప్పుడెలా తల్లీ? ఇంకో పడవ లేదే!" అని రాజు తల పట్టుకున్నాడు.

అంకాలు బోడాసురుడి తల వైపు చూసింది. వాడికీ అర్థమైంది. రెండు చేతులతో టోపీ ఊడబెరికి, తిరగేసి నీళ్లలో పెట్టాడు. అది పెరిగి గుండ్రటి పుట్టి పడవ అయింది. అంకాలు తాపీని రాతికేసి కొట్టి, చెక్కపిడి ఊడగొట్టి, ఇనుపరేకుతోనే తెడ్డు వేస్తూ వెళ్లింది.

నడిమడుగులో మడతల్లి లేచింది. ఒక చేత్తో సూరన్న జుట్టు పట్టుకుంది. అతని ముక్కు మాత్రమే నీటి పైన ఉంది.

"చెట్టుకు పుట్టని పడవ. మెచ్చాను. ఏం కావాలి?"

"కింద పడుకున్న వాళ్లందరూ కావాలమ్మా. నీ అడవిని మళ్లీ నాటిస్తాను."

"ఇచ్చాను. మరి వీడు? వీడు నీకేమవుతాడు?"

సూరన్న కళ్లు మూసుకున్నాడు. ఏం వినబోతున్నాడో అతనికి తెలుసు. పరుగెత్తిన ఆ అడుగుల చప్పుడు ఇంకా అంకాలు చెవుల్లోనే ఉంది.

"అన్న," అంది చివరికి. "కాదని చెప్పేవాళ్లు మా ఇంట్లో ఒకరున్నారు. చాలు."

మడతల్లి నవ్వి అతన్ని పుట్టిలోకి విసిరేసింది. నీళ్లు మరిగినట్టు పొంగాయి. పడవలు, పడవల్లోని మనుషులు ఒక్కొక్కరే పైకి తేలారు. గుల్లల బుట్ట పట్టుకుని కళ్లు నులుముకుంటూ, "ఇద్దరూ ఒకచోటే ఉన్నారు, పోనీలే," అంది అమ్మ. ఆ మాటకు ఇద్దరూ తలలు దించుకున్నారు.

రాజు మాట నిలబెట్టుకున్నాడు. అంకాలు గవ్వలకోటకు రాణి అయింది. కిరీటం జడ మీద ఆగకపోతే, బోడాసురుడు అది జారకుండా లోపల గచ్చుతో చిన్న గట్టు పూసిపెట్టాడు. మడ అడవి పెరిగేదాకా ఒక్క చెట్టూ కొట్టరాదని చట్టం చేసి, రాణి రేవులో గచ్చుపడవలు చేయించింది. వాటికి పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోసే పని సూరన్నది. శిక్ష అని ఎవరూ అనలేదు. అతనే బిందె అందుకున్నాడు.

పడవలు చూడటానికి పొరుగు రాజ్యాలవాళ్లు వచ్చేవారు. "రాణీగారూ, ఆ నీళ్లు పోసే ఆయన మీకేమవుతారు?" అని అడిగేవారు.

అంకాలు వెంటనే జవాబు చెప్పేది కాదు. ఆ కాస్తసేపూ సూరన్న బిందె వంచినవాడు వంచినట్టే ఉండిపోయేవాడు. నీళ్లు పడవ మీద పడకుండా నేల మీద పోయేవి.

"మా అన్న," అనేది రాణి. "అన్నా, నీళ్లు పడవ మీద పొయ్యి."