మూల గదిలో ఒక వారం

సరస్సు ఒడ్డున ఉన్న రిసార్టులో మూడో అంతస్తు మూల గదికి మంచి పేరు లేదు.

ఏడాదంతా బాగానే ఉంటుందట. వానలు ముదిరాక వచ్చే ఒక్క వారం మాత్రం — దీపాలు పెట్టాక పక్కబట్టలు మార్చే అమ్మాయి కూడా ఆ వరండాలో అడుగు పెట్టదు. లోపల ఆడవాళ్లెవరూ లేకపోయినా ఎవరో ఆడమనిషి మాట్లాడుతున్నట్టుంటుందట. అరుపులు కావు, ఏడుపూ కాదు... మొగుడితో ఇంటి సంగతులు చెప్పుకుంటున్నట్టు, నెమ్మదిగా.

సరిగ్గా ఆ వారాన్నే కొన్నాడు మన క్లచ్ మాస్టారు.

ఆయన కారు నడపడం నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని పొద్దస్తమానం "క్లచ్! క్లచ్ తొక్కమ్మా!" అని అరుస్తుంటాడు కాబట్టి ఊళ్లో ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆ రిసార్టులో గదులు అమ్మరు, వారాలు అమ్ముతారు. ఏటా ఒక వారం ఆ గది నీది, ఆ హక్కు నువ్వున్నన్నాళ్లూ నీది. టైమ్‌షేర్ అంటారు. కొనేవాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనం. ఊళ్లోవాళ్లు ఆ జోలికే పోరు. రోజూ చూసే నీళ్లని చూడ్డానికి ఎదురు డబ్బిచ్చేదెవరు?

"మీ డాబా ఎక్కితే ఆ గది కిటికీ కనబడుతుంది కదయ్యా," అన్నాడు టైర్ల షాపతను. "పడుకోడానికి కొంటున్నావా, మీ ఇంటికి కాపలా కాయడానికా?"

మాస్టారు నవ్వేశాడు. ఆయన బాధ ఆయనది. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో తల్లి, ఇంకో గదిలో తమ్ముడూ మరదలూ పిల్లలూ. హాల్లో కర్టెన్ వెనకాల ఈ దంపతుల మంచం. పెళ్లయిన నాటి నుంచీ మొగుడూ పెళ్లాం గుసగుసల్లోనే కాపురం చేశారు. పోట్లాడుకున్నా గుసగుసే. భార్య ఒకసారి అంది — "ఏమండీ, మీ గొంతు ఎలా ఉంటుందో కారెక్కితే గానీ తెలియడం లేదు."

ఆ మాట ఆయనకి ములుకులా గుచ్చుకుంది. అందుకే, ఒకరు వాడుకున్న వారమైనా సరే, చవగ్గా వస్తోందని తెలిసి వెళ్లాడు.

అమ్మేది మందుల షాపు పెద్దాయన. షాపు ఎప్పుడో మూసేశాడు. భార్య పోయింది. పిల్లల్లేరు.

"ఊళ్లోవాడివేనా బాబూ?"

"పుట్టిందీ పెరిగిందీ ఇక్కడేనండీ."

"అయితే ఆ గది సంగతి... విన్నావుగా?"

"విన్నానండీ. రోజూ కొత్తవాళ్ల చేతికి స్టీరింగ్ ఇచ్చి పక్కన కూర్చునేవాణ్ణి. నన్ను దెయ్యాలేం భయపెడతాయి?"

పెద్దాయన నవ్వలేదు. గబగబా సంతకం పెట్టేశాడు.

వారం వచ్చింది. వానా వచ్చింది. మొదటి సాయంత్రం ఆ గదిలో భార్య పకపకా నవ్వింది — ఆవిడ అంత గట్టిగా నవ్వుతుందని మాస్టారికి అప్పుడే తెలిసింది. ఇద్దరూ గొంతెత్తి మాట్లాడుకున్నారు. పాత పాట అందుకున్నారు. వచ్చిన పని అయింది అనిపించింది ఆయనకి.

రాత్రి కరెంటు పోయింది.

చిమ్మచీకటి. వాన చప్పుడు. మాస్టారు మగతలో ఉన్నాడు.

"ఏమండీ..." చెవి దగ్గర గుసగుస. "బాల్కనీ తలుపు వేశారా?"

"వేశాలేవే."

"చలేస్తోందండీ..."

"ఇలా జరుగు."

పరుపు పక్కన కుంగింది. చల్లటి పాదాలు ఆయన పిక్కలకి తగిలాయి. పాపం, ఎంత చల్లబడిపోయిందో అనుకుని దుప్పటి సగం అటు కప్పాడు.

అప్పుడు... తలుపు కొట్టిన చప్పుడు. బయటి నుంచి.

"ఏమండోయ్! తలుపు తీయండి. కింద నుంచి కొవ్వొత్తి తెచ్చాను. ఎంతసేపు కొట్టాలి?"

భార్య గొంతు. వరండాలో.

మాస్టారు కదల్లేదు. కదల్లేకపోయాడు. పక్కన దుప్పటి కింద ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నారు. తలుపు మళ్లీ దబదబమంది. ఎలా లేచాడో, మూస్తే తాళం పడిపోయే ఆ తలుపు ఎలా తీశాడో ఆయనకే తెలియదు. కొవ్వొత్తి వెలుగులో చూస్తే — మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి మాత్రం అటుపక్క సర్ది ఉంది.

"ఏమిటండీ, అలా చెమటలు పట్టాయేం?"

"ఏం లేదు. ఉక్క."

ఆ చలిలో ఉక్కేమిటని ఆవిడ అడగలేదు.

వారం ఎలాగో ఒడ్డున పడింది. ఇంటికొచ్చేశారు. గండం గడిచిందని కర్టెన్ వెనకాల నడుం వాల్చాడు మాస్టారు. దీపాలార్పారు. ఇల్లంతా సద్దుమణిగింది.

"ఏమండీ..." ఈసారి గోడ వైపు నుంచి. "ఇల్లు ఇరుగ్గా ఉందండీ. అయినా పర్లేదులే."

ఆనాటి నుంచీ రాత్రి పడితే అదే. మాస్టారు పలకడం మానేశాడు. పళ్లు బిగబట్టి పడుకునేవాడు. తిట్టదు, బెదిరించదు. పప్పు డబ్బా మూత పెట్టలేదంటుంది, మీ అమ్మగారు దగ్గుతున్నారంటుంది. పిచ్చి దెయ్యమైతే తరిమేయొచ్చు... పెళ్లాంలా మాట్లాడేదాన్ని ఏమని తరుముతాడు? భార్యకి చెబితే గుండాగి పోతుందేమోనని భయం. ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు. మనిషి చిక్కి సగమయ్యాడు. "మాస్టారూ, ఎర్ర లైటు!" అని నేర్చుకునేవాళ్లే ఆయన్ని హెచ్చరించేదాకా వచ్చింది.

ఆఖరికి పెద్దాయన దగ్గరికెళ్లి కూలబడ్డాడు. అంతా చెప్పాడు.

పెద్దాయన అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"పలికావా?"

"...మా ఆవిడే అనుకున్నానండీ."

పెద్దాయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఆమె పోయాక కూడా ఏటా మా వారానికి ఆ గదికి వెళ్లేవాణ్ణి బాబూ. ఏటా పిలిచేది. నేను... ముసుగు తన్ని పడుకునేవాణ్ణి. కాపురం చేసిన మనిషికి ఒక్క 'ఊఁ' అనలేకపోయాను. భయం. ఆ భయం పడలేకే నీకు అంటగట్టాను. ఇప్పుడు పిలుపూ లేదు, నాకు నిద్రా లేదు."

"మీ వారం మీరు తీసేసుకోండి. నాకు పైసా వద్దు."

"ఇచ్చెయ్యి బాబూ. ఈసారి పలుకుతాను."

కాగితాలు మళ్లీ ఆయన పేరు మీదికి మారాయి. గది వదిలింది. గొంతు వదల్లేదు. వానలు ముదిరేదాకా చూద్దాం, ఆమె వారానికి ఆమె వెళ్లిపోతుంది అని రోజులు లెక్కపెట్టుకున్నాడు మాస్టారు.

ఆ వారం రానే వచ్చింది. చీకటి పడగానే డాబా ఎక్కాడు. మూల గదిలో దీపం వెలుగుతోంది. బాల్కనీలో కుర్చీ, కుర్చీలో పెద్దాయన. నోటికి చేతులడ్డం పెట్టుకుని నీళ్ల వైపు ఏదో పిలుస్తున్నాడు. పేరో ఏమో... గాలికి ఇక్కడిదాకా రాలేదు.

మాస్టారు కిందికొచ్చి పడుకున్నాడు. చెవులు రిక్కించాడు.

చాలాసేపటికి —

"ఏమండీ... ఎవరో ముసలాయన నన్ను పిలుస్తున్నాడండీ. అదే పనిగా పిలుస్తున్నాడు. ఎవరో తెలియడం లేదు. భయమేస్తోంది."

మాస్టారు దిగ్గున లేచి కూర్చున్నాడు. ఏడాది పొడుగునా మూసుకున్న నోరు ఇక ఆగలేదు. గోడ వైపు తిరిగి ప్రాధేయపడ్డాడు.

"వెళ్లమ్మా. ఆయనే నీ భర్త. నేను కాదు. దండం పెడతాను, వెళ్లు..."

గోడ వైపు ఊపిరి చప్పుడు అలాగే ఉంది.

అప్పుడు ఇటుపక్క నుంచి, వెచ్చగా, ఆయన భుజం మీద చెయ్యి పడింది. భార్య నిద్రపోలేదు. గొంతులో నిద్ర జాడే లేదు.

"మీరు కారెక్కి వెళ్లాక పగలంతా నేనూ ఆమెకి చెబుతూనే ఉన్నానండీ," అంది ఆవిడ, చాలా మెల్లగా. "వెళ్లనంటోంది."