పెద్దాయన వైపు సగం

ఆదివారం ఉదయం కోడలు పిండి పిసుకుతుంటే వంటింటి బల్ల టకటకమని కొట్టుకుంటోంది. దాని కాళ్లలో ఒకటి పొట్టిది. కింద అట్టముక్క మడిచి పెట్టింది పెద్దాయనే. అది మళ్లీ జారిపోయినట్టుంది. లేచి సరిచేద్దామనుకున్నాడు. ఇక నాకెందుకులే అని మంచం మీదే కూర్చుండిపోయాడు.

పక్కన సంచి సర్ది ఉంది. నాలుగు చొక్కాలు, దుప్పటి, మోకాలి నొప్పికి రాసుకునే నూనె సీసా, పోయిన భార్య కళ్లజోడు. జీవితమంతా ఇళ్లకు రంగులేసి బతికిన మనిషి. పని అయిపోతే బకెట్టూ బ్రష్షులూ సర్దుకుని వెళ్లిపోవడమే ఆయనకు తెలుసు. కానీ ఇది కొడుకు ఇల్లు. చెప్పి వెళ్లాలి. ఆ చెప్పడం దగ్గరే వస్తోంది చిక్కంతా.

భార్య పోయాక కొడుకు వచ్చి, "ఒక్కడివే ఏం చేస్తావు నాన్నా, పద" అని వెంటబెట్టుకొచ్చాడు. కొడుకూ కోడలూ బాగానే చూసుకున్నారు. కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. ఆమెకు ఆదివారమే సెలవు. ఆ రోజు ఇంట్లో పిజ్జా చేస్తుంది. ఒకటే పెద్ద పిజ్జా. సగం మొగుడూపెళ్లాలకి, సగం పెద్దాయనకి.

మొదటిసారి చేసినప్పుడు దాని నిండా కూరగాయలే. క్యాప్సికం, మొక్కజొన్న గింజలు, పుట్టగొడుగులు, టమాటా, ఉల్లిపాయ. కింద చీజ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పెద్దాయనకు చాలా నచ్చింది. "ఎలా ఉంది మామయ్యా?" అని కోడలు అడిగితే "ఊఁ" అన్నాడు. ఆయన నోట్లోంచి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు భార్య కూడా ఎన్నడూ విని ఎరగదు.

తర్వాతి వారం ఆయన వైపు క్యాప్సికం లేదు. మరిచిపోయిందేమో అనుకున్నాడు. ఆ పై వారం మొక్కజొన్న మాయమైంది. తర్వాత పుట్టగొడుగులు, ఆ తర్వాత టమాటా. అవతలి సగం మాత్రం ఎప్పటిలాగే కళకళలాడుతూ ఉంది. పోయిన ఆదివారం ఆయన వైపు ఉల్లిపాయ కూడా లేదు. ఉత్త చీజ్. సున్నం కొట్టి వదిలేసిన గోడలా ఉంది.

పెద్దాయనకు ఆ భాష తెలుసు. పనికి వెళ్లిన ఇంట్లో మొదటి రోజు టీ ఇస్తారు, బిస్కెట్లు పెడతారు. నాలుగు రోజులయ్యాక బిస్కెట్లు ఆగిపోతాయి. తర్వాత టీ ఆగిపోతుంది. త్వరగా ముగించి వెళ్లమని ఎవరూ నోరు తెరిచి అనరు. అనక్కర్లేదు.

రంగులమ్మే షాపాయన పాత స్నేహితుడు. షాపు వెనక గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమన్నాడు.

వంటింట్లోంచి కొడుకు గొంతు వినిపించింది. వాడు కరెంటు పనిచేస్తాడు. వాడి జేబులో ఎప్పుడూ స్క్రూలు, నోట్లో ఎప్పుడూ మాటలు.

"నా వైపు పచ్చిమిరపకాయలు దండిగా వెయ్యి."

"మీ వైపు అంటే నా వైపు కూడానండీ. పోయినసారి నా ముక్కలో పడి కళ్లంట నీళ్లు."

"నా మీద ప్రేమతో ఏడ్చావనుకున్నాను."

"అనుకోండి. డబ్బులేం పోతాయి."

పెద్దాయన సంచి పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. కోడలు పిండిని ట్రేలో గుండ్రంగా పరిచి, టమాటా గుజ్జు రాసి, చీజ్ చల్లింది. అవతలి సగానికి కూరగాయలు సర్దేసింది. ఇవతలి సగం ముందు చెయ్యి ఆపి, ఏం వెయ్యాలో తోచనట్టు నిలబడి ఉంది.

"వెళ్తున్నా" అన్నాడు.

"ఎక్కడికి నాన్నా? పేపరుకా? నేను తెచ్చేశాగా" అంటూ కొడుకు తిరిగి చూశాడు. వాడి కళ్లు సంచి మీద పడ్డాయి.

"రంగుల షాపు వెనక గది ఉందట."

"గది ఉంటే? ఊళ్లో ఉన్న గదులన్నిట్లో నువ్వు కాపురం పెడతావా?" కొడుకు భార్య వైపు తిరిగాడు. "నువ్వేమైనా అన్నావా?"

"నేనేమంటానండీ? ఆయన మాట్లాడితేగా నేను ఏదైనా అనడానికి. పొద్దున ఊఁ, సాయంత్రం ఊఁ. ఈ ఇంట్లో ఫ్రిజ్ నయం, అప్పుడప్పుడూ అదైనా చప్పుడు చేస్తుంది."

అనేశాక నాలుక కరుచుకుంది. పెద్దాయన ముఖంలో ఏమీ మారలేదు. సంచి మాత్రం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నాన్నా, నీకిక్కడ ఏం తక్కువైందో చెప్పు. చెప్పకుండా గుమ్మం దాటావంటే నా మీద ఒట్టే."

పెద్దాయన ట్రే వైపు చూశాడు.

"క్యాప్సికం" అన్నాడు.

కొడుక్కి నవ్వొచ్చింది. తండ్రి ముఖం చూసి మింగేశాడు.

కోడలు చేతికంటిన పిండి దులుపుకుంది. "క్యాప్సికమా? మీరు తినరుగా మామయ్యా."

"ఎవరన్నారు?"

"ఎవరనాలి? మీ కంచమే చెప్పింది." ఇన్నాళ్లూ దాచుకున్నది ఇక ఆగలేదు. "మొదటి వారం క్యాప్సికం ముక్క ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు మీరు. అన్నీ ఏరి కంచం అంచున పేర్చారు. సరే, పడదేమోనని మానేశాను. తర్వాత మొక్కజొన్న. ఒక్కో గింజా ఏరి పక్కన పెట్టారు. పుట్టగొడుగులూ అంతే, టమాటా, ఉల్లిపాయా అంతే. ఏది వేస్తే తింటారో తెలియక, చివరికి ఏమీ వెయ్యకుండా చేశాను. ఇవాళ కూడా అదే ఆలోచిస్తున్నాను. మీరు తినకుండా వదిలేసినవి చెత్తబుట్టలో వేస్తుంటే నాకెలా ఉంటుందో మీకేం తెలుసు? అత్తయ్య చేసినవి కూడా ఇలాగే పక్కన పెట్టేవారా?"

పెద్దాయన సంచి కింద పెట్టాడు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన కుడిచేతిని, అది ఎవరిదో అన్నట్టు, తిప్పి చూసుకున్నాడు. గోళ్ల మొదట్లో ఏనాటిదో నీలం రంగు ఇంకా వదల్లేదు.

"పక్కన పెట్టానా?"

"ప్రతి వారం. ఎడమ వైపు అంచున."

ఆయన తల నెమ్మదిగా ఊగింది.

"తినలేక పెట్టలేదమ్మా. మీ అత్తయ్యకని పెట్టా. నా ఎడం పక్కన కూర్చుంటుందిగా." ఒక క్షణం ఆగి, "కూర్చునేది" అన్నాడు.

కొడుకు జేబులో స్క్రూలను ఊరికే కెలుకుతున్నాడు.

"అమ్మ నీ కంచంలోంచి తినేదా? నేనెప్పుడూ చూడలేదే."

"మీరందరూ తిని లేచాక తినేవాళ్లంగా. ఏది బాగుంటే అది పక్కకు జరిపేవాణ్ని. తీసుకునేది. అడిగేదీ కాదు, నేను చెప్పేదీ లేదు." ట్రే వైపు చెయ్యి చూపించాడు. "క్యాప్సికం నాకూ ఇష్టమే. ఆవిడకి ఇంకా ఇష్టం. నువ్వు చేసింది బాగుంది. అందుకే చెయ్యి..." అంత మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు.

కోడలు పంపు తిప్పి చేతులు కడుక్కుంది. పిండి పోయాక కూడా చాలాసేపు కడుక్కుంటూనే ఉంది. తర్వాత ముఖం కూడా కడుక్కుని వచ్చి, కూరగాయల గిన్నె ఆయన ముందు పెట్టింది.

"మీ వైపు మీరే వేసుకోండి మామయ్యా. మీ మనసులో ఏముందో కనిపెట్టడం నా వల్ల కాదు."

పెద్దాయన అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి పేర్చుకుంటూ వచ్చాడు. సందు లేకుండా, ఒక్కచోట మందంగా ఒక్కచోట పలచగా కాకుండా. ఇటు సగం అయ్యాక అటు సగంలో ఖాళీలు కనబడితే అవీ పూడ్చాడు. మధ్యలో ఇన్నాళ్లూ ఉన్న గీత ఎక్కడో తెలియకుండా పోయింది.

"నాన్నా, ఇది ఆరాక రెండో పూత కూడా వేస్తావా ఏంటి?" అన్నాడు కొడుకు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి.

ఓవెన్‌లో పిజ్జా కాలుతుండగా షాపాయన ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, గది ఊడ్పించి పెట్టాను. బయల్దేరావా?"

"ఇవాళ కుదర్దు."

"మరి రేపు?"

"రేపూ కుదర్దు" అని పెద్దాయన పెట్టేశాడు. కోడలు ఓవెన్ అద్దంలోకి తొంగి చూస్తున్నట్టు అటు తిరిగి నవ్వుకుంది.

తినేటప్పుడు ఆమె మొగుణ్ని, "మీరు అటు జరగండి" అని లేపి, తాను పెద్దాయనకు ఎడమ పక్కన కూర్చుంది. వేడికి చీజ్ ఇంకా బుసబుస పొంగుతోంది. పెద్దాయన ఒక ముక్క తీసుకున్నాడు. ఆయన వేళ్లు వాటంతట అవే క్యాప్సికం ఒకటి లాగి కంచం అంచున పెట్టాయి. అప్పుడు తెలిసొచ్చి, చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కోడలు చెయ్యి చాచి ఆ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

"మాడింది ఇచ్చారేంటి మామయ్యా?"

"ఆవిడ మాడినవే ఏరుకునేది."

కోడలు నమిలింది. "బాగుంది" అంది. "ఇంకోటి పెట్టండి."

పెద్దాయన ఇంకోటి పెట్టాడు. ఆ తర్వాతది తన నోట్లో వేసుకున్నాడు. కొడుకు మిరపకాయ కొరికి నీళ్ల గ్లాసు కోసం గబుక్కున లేచాడు. బల్ల టక్కుమని ఒరిగింది.

పెద్దాయన వంగి బల్ల కిందికి చూశాడు.

"అట్టముక్క జారింది" అన్నాడు. "అట్ట ఇలాగే జారుతూ ఉంటుంది. రేపు చిన్న చెక్క తెచ్చి, గట్టిగా మేకు కొడతా."

"ఊఁ" అంది కోడలు.