కరెంటొచ్చాక ఐదు నిమిషాలు

“కన్నంలో దూరింది కదా అని ఏ అడాప్టర్ పడితే అది గుచ్చేస్తావా?” స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకునే కడిగేసింది యుబెర్కీస్.

విల్కిన్ తలొంచుకున్నాడు. రిపేరు షాపు బల్ల మీద అతని గిటార్ ప్రాసెసర్, గిటార్ మోతని కావల్సినట్టు మార్చే డబ్బా, ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. దాని అడాప్టర్ పొద్దున బస్సులో మర్చిపోయాడు. ఇంట్లో వైఫై డబ్బాది కనిపిస్తే తగిలించాడు. చిటుక్కుమంది, అంతే.

“వోల్టులు చూసుకోవా? ప్లస్సూ మైనస్సూ చూసుకోవా? వెనకాల రాసే ఉంది.”

“కంగారులో...”

“నీ కంగారుకి పాపం ఇది మాడింది.”

నాలుగింటికి, బచాతా ప్రేమపాటలు కట్టే ఓ పేరున్న బృందం ముందు వాయించి చూపించాలి. మూడు నెలలు కూర్చుని దిద్దుకున్న గిటార్ టోన్ అందులోనే ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు. అది పోతే ఉట్టి చేతులతో వెళ్ళాలి. ఉందో, ఆ టోన్‌కి తను పెట్టిన పేరు ఈ అమ్మాయి కంట పడుతుంది. ఎటు చూసినా విల్కిన్‌కి చెమటలే.

ఆమె మూత విప్పింది. లోపలి దుమ్ము బ్రష్‌తో దులిపింది. బియ్యపుగింజంత ముక్క ఒకటి మార్చింది. “అదృష్టవంతుడివి. ఇది మాడి మిగతాదాన్ని కాపాడినట్టుంది. చూద్దాం.”

సొరుగులోంచి సరైన అడాప్టర్ తీసి ప్లగ్ పెట్టిందో లేదో, ఫ్యాన్ ఆగిపోయింది. వీధంతా ఒక్కసారి ఉసూరుమంది. యుబెర్కీస్ టక్కున ప్లగ్ పీకేసింది.

ఇరవై నిమిషాలకి బయట అరుపులు. “కరెంటొచ్చింది! కరెంటొచ్చింది!” మూలకొట్టు రేడియో హోరెత్తింది. విల్కిన్ ప్లగ్ మీదికి దూకాడు.

ఆమె మణికట్టు పట్టుకుంది. “ఆగు! వచ్చీ రాగానే కరెంటు తిక్కతిక్కగా ఉంటుంది. ఐదు నిమిషాలాగి పెట్టాలి.”

“మూడు దాటింది తల్లీ!”

“మాడిపోయాక మూడైతే ఏంటి, ఆరైతే ఏంటి?”

ఆగాడు. ఆమె చెయ్యి వదల్లేదు. అతనూ గుర్తు చెయ్యలేదు. ఆ రోజు మొదటిసారి అతనికి టైమ్ ఇంకాస్త మెల్లగా నడిస్తే బాగుండుననిపించింది.

ప్లగ్ పెట్టారు. తెర వెలిగింది.

“అమ్మయ్య! బతికింది!” విల్కిన్‌కి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే గుర్తొచ్చి అరచేత్తో తెర మూసేశాడు. ఆమె ఒక్కో వేలే తీసి పక్కకి పెట్టింది.

మొదటి టోన్ పేరు: యుబెర్కీస్.

“ఎవరీవిడ?”

“వైర్లు బాగుచేసే అమ్మాయి. అంటే... నువ్వే. నువ్వంటే నాకిష్టం.”

“తెలుసులే. నెలకి నాలుగు వైర్లు తెంపుకొచ్చేవాడు ఈ ఊళ్ళో నువ్వొక్కడివే. వాయించు.”

వాయించాడు. ఆమె కిటికీ వైపు తిరిగి వింది. చివర్న నవ్వు దాచుకోలేకపోయింది. అతను గిటార్ సంచిలో పెట్టుకోబోతుంటే ప్రాసెసర్ లాక్కుని కంప్యూటర్‌కి తగిలించింది.

“లేటవుతోంది!”

“రెండు నిమిషాలు కూర్చో. ముందు దీనికి కాపీ తీస్తా. ఈ పేరున్నది పోతే నేనూరుకోను.”

విల్కిన్ కూర్చున్నాడు. ఈసారి కంగారు పడలేదు.