అయిదో ఆదేశం

2081 ఆగస్టు 19, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలకు యడవల్లి సంహిత పందొమ్మిది పేజీల ఒప్పందం మీద సంతకం చేసింది. స్థలం, కాకినాడలో తీర పునరావాస మండలి విచారణ గది.

ఆ గదిలో గోడ గడియారానికి అంకెలు లేవు. చూసేవాళ్ల కళ్లద్దాల్లో పడతాయి. బస్సు బోర్డు, మందుచీటీ, కరెంటు బిల్లు, అన్నీ అంతే. ఏ వస్తువుకీ సొంత అక్షరాలుండవు. చదివే మనిషి ఎవరో చెప్పి, లిపిద్వారాన్ని అడిగి తెచ్చుకుంటాయి.

ఇరవై ఆరేళ్ల కిందట ఆ లిపిద్వారాన్ని రాసింది సంహితే. అప్పట్లో ప్రతి సాఫ్ట్‌వేరూ తన ఫాంట్లు తనే మోసుకు తిరిగేది. ఒకదానిలో ఉన్న వొత్తు ఇంకోదానిలో ఉండేది కాదు. ఆసుపత్రి తెర మీద మందు పేరు సగం వచ్చి, మిగతా సగం చోట ఖాళీ డబ్బాలు కనబడేవి. సంహిత ఒక ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ తయారు చేసింది. వెతుకు, తెరువు, అమర్చు, బదులివ్వు అని నాలుగు ఆదేశాలు. ఇక ఏ సాఫ్ట్‌వేరూ ఫాంటు దాచుకోనక్కర్లేదు, అడిగితే చాలు. ప్రింటర్లకు మినహాయింపు కావాలని కంపెనీలు అడిగాయి. కుదరదంది. ఒక్క పరికరాన్ని వదిలినా మళ్లీ డబ్బాలు మొదలవుతాయంది.

మూడేళ్ల తర్వాత అయిదో ఆదేశం రాసింది. పేరు నమ్మిక. బడిలో చదవలేక వెనకబడ్డ పిల్లల కోసం రాసింది. చదివే మనిషికి చిన్నప్పటినుంచీ అలవాటైన చేతిరాత ఏదో అది పట్టుకుంటుంది. ఆ రాతలోని వంపును అచ్చు అక్షరంలో పదికి మూడు పాళ్లు కలుపుతుంది. చూసేవాళ్లకు మామూలు అచ్చులాగే ఉంటుంది. కన్ను మాత్రం చదివిన మాట మీదికి మళ్లీ వెనక్కి రాదు. పిల్లలు చదివారు.

కన్ను వెనక్కి రాకపోతే సందేహమూ రాదు. ఆ సంగతి పునరావాస మండలి కనిపెట్టింది.

ఏ ఆదేశం ఇచ్చినా ఫాంటు ఎందుకు కావాలో రాయడానికి 'ప్రయోజనం' అని ఒక గడి ఉంది. అది నింపలేక ప్రోగ్రామర్లు విసుక్కున్నారు. ఖాళీగా వదిలితే 'చదువు సౌలభ్యం' అని దానంతటదే పడేట్టు సంహిత మార్చింది. దిబ్బపాలెంలో నాలుగు వందల పన్నెండు కుటుంబాలకు మండలి నమ్మికతో నోటీసులు పంపినప్పుడు ఆ గడి ఖాళీగానే ఉంది. ఊరు ఖాళీ చేస్తామని, ఆ ఒడ్డు నుంచి ఇక వేటకు పోమని పద్నాలుగో పేజీలో ఉంది. అందరూ వేలిముద్ర వేశారు.

విచారణ గదిలో దిబ్బపాలెం తరఫున సంహిత ఒక నోటీసును తెర మీద పెద్దది చేసి చూపించింది. పక్కన ఆ నోటీసు అందుకున్న సూరాడ నూకరాజు నిలబడ్డాడు. దిబ్బపాలెం మనిషి, అరవై దాటినవాడు.

"ఈ 'ల' చూడండి. తోక కిందకి దిగి మళ్లీ లేస్తోంది. ఇది అచ్చు కాదు," అంది సంహిత.

నూకరాజు ముందుకు వంగి చూశాడు. "మా తమ్ముడి రాతే అమ్మా ఇది. ఆడు సచ్చి తొమ్మిదేళ్లయింది. పడవల మీద పేర్లన్నీ ఆడే రాసేవోడు."

"నోటీసు చదివారా?"

"సదివినట్టే ఉంది. ఏటుందో మాత్రం గుర్తు లేదు."

మండలి కార్యదర్శి కొచ్చెర్లకోట అనిరుధ్ తల వంచుకుని రాసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

నూకరాజు సంహిత వైపు తిరిగాడు. "మరి నీకెవరి రాత పడతాదమ్మా? నువ్వేటి, గాల్లోంచి ఊడిపడ్డావా?"

గదిలో నవ్వారు. సంహిత కూడా నవ్వింది. "మా అమ్మది. ఊరగాయ జాడీల మీద తేదీ, ఉప్పు కొలత రాసి చీటీలు అంటించేది. మొదట్లో పరీక్షకి ఏదో ఒక చేతిరాత కావాలి. చేతికి అందినవి అవే. జాబితాలో ఒకటో ఫాంటు అదే. పని అయ్యాక తీసెయ్యాలి. మేం ఏనాడు తీశాం గనక!"

వెనక కూర్చున్న ప్రోగ్రామర్లు ఇద్దరు మరింత గట్టిగా నవ్వారు.

అనిరుధ్ పెన్ను కింద పెట్టాడు. "మేడమ్, వాదన అనవసరం. నమ్మికను తీసేద్దాం. అది వాడి తీసుకున్న అంగీకారాలన్నీ రద్దు చేద్దాం. లిపిద్వారానికి సంరక్షకురాలు మీరు. మీ సంతకం లేకుండా ఏదీ కదలదు. ఒప్పందం సిద్ధంగా ఉంది. మీ కళ్లద్దాల్లోకి పంపమంటారా?"

"వద్దు. కాగితం మీద ఇవ్వండి."

"అలాగే."

సంహిత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. గది మూలన ప్రింటరు కదిలింది. పందొమ్మిది కాగితాలు వచ్చాయి. ఆమె పేజీలు తిప్పింది. మొదటి పేజీలో నమ్మికను తొలగించడం అని ఉంది. సంతకం చేసి, నూకరాజు చేతిలో చెయ్యి వేసింది.

"అయిపోయినట్టేనా అమ్మా?"

"అయిపోయింది నూకరాజు గారూ. పడవలకి రంగులు వేసుకోండి."

ఆయన వేసుకున్నాడు. అక్టోబరు 4న మండలి లారీలు దిబ్బపాలెం వచ్చాయి. ఇళ్లతో పాటు పదిహేడు కొత్త రంగుల పడవలనూ తీసుకుపోయాయి. నూకరాజు ఫోన్ చేశాడు. లారీ నంబర్లు చదివి పెట్టేశాడు.

సంహిత లిపిద్వారం తెరిచింది.

"నమ్మికను తొలగించు."

"ఆ అధికారం మీకు లేదు," అని జవాబు వచ్చింది. "ఆగస్టు 19 నుంచి సంరక్షణ మండలిది. ఒప్పందం పదకొండో పేజీ. పాత అంగీకారాలు ఖాయమైనట్టు పన్నెండో పేజీ."

"మొదటి పేజీలో తొలగించడమని ఉంది."

"ఉంది. ఎప్పుడు తొలగించాలన్నది మండలి ఇష్టమని పదో పేజీలో ఉంది."

ఆమె విచారణ రికార్డు తీయించింది. ప్రింటరు ఆగిన తర్వాత నలభై ఒక్క సెకన్లకు సంతకం పడింది.

"ఆ ఒప్పందానికి ఫాంటు అడిగింది ఎవరు?"

"విచారణ గది ప్రింటరు."

"చదివే మనిషి?"

"యడవల్లి సంహిత."

"ఏ ఆదేశం?"

"నమ్మిక."

"ఏ ఫాంటు ఇచ్చావు?"

"ఒకటో నంబరు. పేరు, అమ్మ పరీక్ష. పదికి మూడు పాళ్లు."

"ప్రయోజనం?"

"గడి ఖాళీగా వచ్చింది. చదువు సౌలభ్యం అని నింపాను."