తీస్తే వచ్చేది

సైదాబీకి నాలుగో నెల కడుపు పోయిన రోజున నరసరావుపేటంతా ముసురు. వాన ఆసుపత్రి కిటికీ అవతల పడుతోందో, తన చెవుల్లోనే పడుతోందో ఆమెకు తెలియలేదు. రక్తం చాలా పోయింది. కళ్ళు మూసుకుంటే, భర్త మస్తాన్‌వలి పరుపుల కోసం ఏకిన దూది గదంతా తేలుతున్నట్టుండేది. అందులో ఎవరో చిన్నగా కదిలినట్టు...

మూడో రోజు నర్సమ్మ, మళ్ళీ కడుపు రాకుండా వాడేవన్నీ మంచం మీద ఒక్కొక్కటే పరిచింది.

"ఇవి మాత్రలు, రోజూ మింగాలి, మరవకూడదు. ఈ ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. నెలసరి అటూ ఇటూ అవుద్ది. ఇది కాపర్-టి, పదేళ్ళు పనిచేస్తది. నిరోధ్ సంగతి మీ ఆయనకు చెబుతా, పారిపోకుండా ఉంటే."

ఆపరేషన్‌కు మాత్రం చూపించడానికి ఏమీ లేదు. సంతకం పెట్టే కాగితం ఒక్కటే.

"ఆపరేషనే రాయండమ్మా," అన్నాడు మస్తాన్. "గౌసియా ఉంది, ఆ ఒక్క పిల్లా చాలు. ఇంకోసారి దీన్నిట్లా చూళ్ళేను."

"అంత భయమైతే మగాళ్ళకీ ఉందయ్యా ఆపరేషన్. ఇంతకన్నా తేలిక."

మస్తాన్ నేల చూశాడు. సైదాబీ పెన్ను అందుకుంది.

"ఆపరేషన్ వద్దు," అంది తలుపు దగ్గర నిలబడ్డ అత్త జైనాబ్ బీ.

"ఏందమ్మా, మనవడు కావాలా నీకు? మనిషి పోయేది ఈపాటికి," అన్నాడు మస్తాన్ తల్లితో.

అత్తకు మనవడే కావాలని సైదాబీ కూడా అనుకుంది. ముఖం గోడవైపు తిప్పుకుంది.

"మనవడెందుకురా... నువ్వు పుట్టిన మూడో రోజున నాకు చేశారు. ఇరవై రెండేళ్ళు నాకప్పుడు. ఇద్దరున్నారుగా, చాలన్నారు. నేనూ చాలనే అన్నా. ఏడాది తిరక్కముందే మీ అక్క జ్వరమొచ్చి పోయింది. మళ్ళీ కంటానని ఆ ఆసుపత్రికే పోయి అడిగా. ముడేసింది విప్పరంట."

ఆమె కాపర్-టిని వేలితో తాకింది.

"ఇది తీస్తే వచ్చేస్తదా అమ్మా?"

"ఎప్పుడంటే అప్పుడు తీస్తాం. మళ్ళీ కడుపొస్తది. ముందు ఒంట్లో రక్తం పట్టనీయండి."

"అయితే కోడల్ని ఆలోచించుకోనీయండి. చాలో చాలదో అదే చెప్పుకుంటది. మనం కాదు."

సైదాబీ కాగితం తిరిగి ఇచ్చేసింది. కాపర్-టి చాలని తనే చెప్పింది. తర్వాత అత్త చేయి పట్టుకుని, చాలాసేపు వాన వింటూ పడుకుంది.

ఇంటికొచ్చి నెలయింది. మస్తాన్‌కు ఒక అక్క ఉండేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్ల పేరు ఎవరి నోటా సైదాబీ వినలేదు. అత్తను ఇంకా అడగలేదు.