తలుపు లేని కేబిన్

పొద్దున్నే పొలంలో పొదలు కొట్టే స్కిడ్ లోడర్ యంత్రం కేబిన్ తుడవడం తల్లి పని. ఆ రోజు ఆమె చేతిలోని గుడ్డ సీటు మీద, తల ఆనించుకునే చోట చిక్కుకుంది. వేలెడంత పాత కంచె తీగ ముక్క దిగబడి ఉంది. నడిపే కూతురి చెవి ఉండే చోటికి బెత్తెడు దూరం కూడా లేదు. ఆమె దాన్ని పీకి, ఇంట్లోకి నడిచింది.

వంటగదిలో తండ్రి బల్ల మీద రెండు కరపత్రాలు పరచుకున్నాడు. లోడర్ ముందు తగిలించే, పొదలు నరికే కట్టర్లవి. ముందు భాగం తెరిచి ఉన్నదాన్ని వారంగా అద్దెకు తెచ్చి వాడుతున్నారు. ఏది కొనేదీ ఈ ఉదయం దుకాణానికి చెప్పాలి. ఆయన నడుము పట్టేసినప్పటి నుంచి నడిపేది కూతురు. ఎంపిక మాత్రం ఇంకా ఆయనదే.

"తెరిచి ఉన్నదే తీసుకుందాం. చెయ్యి లావు చెట్టునైనా నమిలేస్తోంది. రెండోదానికి ముందు మూత, గొలుసుల తెరానూ! మూతికి చిక్కం కట్టిన ఎద్దు ఏం మేస్తుంది?"

తల్లి ఆ తీగ ముక్కను కరపత్రం మీద పెట్టింది. "ఇదెక్కడిదో మీ కూతుర్ని అడగండి."

బూట్లు కట్టుకుంటున్న కూతురి చేతులు ఆగిపోయాయి. "మొన్న పొదల్లో పాత కంచె ఉన్నట్టుంది. చెవి పక్క నుంచి ఏదో దూసుకుపోయింది. తర్వాత సీటులో ఇది చూశాను."

"చూసి కూడా చెప్పలేదా?"

"చెబితే దింపేస్తారుగా అమ్మా."

"తలుపు బిగించుకోలేదా?" తండ్రి గద్దించాడు. "రాయి తగిలినా పగలని అద్దం అది!"

"షెడ్డులో ఉంది నాన్నా. మీరే ఊడదీసి పెట్టారు. బ్లేడు మొద్దుబారితే చప్పుడులోనే తెలుస్తుంది, తలుపేసుకుంటే చెవిటిదానివైపోతావు అన్నది మీరు కాదూ?"

ఆయన తీగ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. తాను క్షేమంగా ఇల్లు చేరిన ప్రతి రోజునూ తన నేర్పుకు రుజువుగా భావించాడు. అవన్నీ ఏదీ వచ్చి తగలని రోజులు మాత్రమేనని ఇప్పుడు తెలిసింది. నేర్పును బిడ్డకు ఇవ్వవచ్చు. తగలకపోవడాన్ని ఎలా ఇస్తాడు?

ఫోను తీశాడు. "మూత ఉన్నదే పంపండి. తెలుసు, సన్నవే నరుకుతుంది. లావువి రంపంతో కోసుకుంటాం."

తరువాత ముగ్గురూ షెడ్డుకు నడిచారు. తల్లీకూతుళ్లు తలుపు ఎత్తి పట్టుకుంటే ఆయన బోల్టులు బిగించాడు.

"మరి చప్పుడు వినపడకపోతే?" కూతురు అడిగింది.

"మధ్యమధ్యలో ఇంజను ఆపు. బ్లేడు పూర్తిగా ఆగాక దిగి చూసుకో. పని ఆలస్యమవుతుంది. కానివ్వు."

ఆఖరి బోల్టు దగ్గర ఆయన పానా ఆపాడు.

"తలుపు లేకుండా నడిపిన ఇరవై ఏళ్లూ నాకు భయమేసేది తల్లీ. ఎవరితోనూ అనలేదు."

కూతురి కళ్లు నిండాయి.

"నాకూ వేసింది నాన్నా. మీకు లేని భయం నాకెందుకని సిగ్గుపడ్డాను."